అలాస్కా ఇన్‌సైడ్ పాసేజ్ క్రూజ్: చాలా సీజన్ల వాడకం తర్వాత సమీక్ష

ఇన్‌సైడ్ పాసేజ్ అంటే దీవుల మధ్యగా అలాస్కాకి వెళ్లే సముద్ర దారి. ఆ దారిలో ఏడు రాత్రుల అలాస్కా క్రూజ్ బుక్ చేసేటప్పుడు చాలామంది ముందు షిప్పు చూస్తారు, తర్వాత క్యాబిన్, ఆఖర్న రూటు. ఆ వరుస తిరగెయ్యాలి. అలాస్కా రేవు ఊరు కెచికాన్‌లో ఏడాదికి దాదాపు 3,800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. జూనో విమానాశ్రయం దగ్గర అందులో సగం కూడా ఉండదు. స్కాగ్‌వేలో 700 లోపే. ఒకే వారంలో ఈ మూడు ఊళ్లూ తగులుతాయి కాబట్టి, ఏ పోర్టులో ఏ పని పెట్టుకున్నారన్న దాని మీదే ట్రిప్పు నిలబడుతుంది. షిప్పులో తిండీ షోలూ ఏ సముద్రంలోనైనా ఒకటే, వాటి జోలికి పోవడం లేదు.

ముందు బయల్దేరే ఊరు. సియాటిల్‌కి విమానాలు ఎక్కువ, అదొక్కటే దాని సుఖం. అక్కడి పెద్ద షిప్పులు మామూలుగా వాంకూవర్ ద్వీపానికి పడమటి వైపు నుంచి, అంటే అడ్డూ ఆపూ లేని పసిఫిక్ మీదుగా పోతాయి. గాలి ఉంటే మొదటి రోజంతా ఊగుడే. కెనడాలోని వాంకూవర్ నగరం నుంచి వెళ్లేవి ఆ ద్వీపానికి లోపలి వైపున పోతాయి, నీళ్లు చాలావరకు నిలకడగా ఉంటాయి. ద్వీపం అయిపోయాక వచ్చే క్వీన్ షార్లెట్ సౌండ్ అనే తెరిపి సముద్రం దగ్గర కొన్ని గంటల ఊగుడు మాత్రం వాటికీ తప్పదు. ఈ లోపలి దారిలోనే సేమూర్ నారోస్ అనే ఇరుకు ఉంది. అక్కడ పోటు ప్రవాహం 15 నాట్ల (గంటకు దాదాపు 28 కిలోమీటర్ల) దాకా వెళ్తుంది, నీళ్లు నిలిచే వేళ చూసుకునే షిప్పు దాటుతుంది. కడుపులో తిప్పే బాధ ఉన్నవాళ్లు వాంకూవరే ఎంచుకుని, షిప్పు మధ్యలో, కింది డెక్కులో క్యాబిన్ తీసుకోవాలి. మెక్లిజిన్ మాత్ర ఊగుడు మొదలయ్యే గంట ముందే పడాలి, వాంతులు మొదలయ్యాక వేసుకుంటే మాత్రే బయటికొస్తుంది.

సియాటిల్ రూటులో వాంకూవర్ ద్వీపం మీది కెనడా ఊరు విక్టోరియా ఎందుకుంటుందంటే, 1886 నాటి అమెరికా చట్టం ప్రకారం విదేశీ జెండా షిప్పు (వేరే దేశంలో రిజిస్టరైనది) అమెరికా పోర్టులో ఎక్కించుకున్నవాళ్లను మళ్లీ అక్కడే దించాలంటే మధ్యలో ఒక విదేశీ పోర్టు తాకాలి. చాలా షిప్పులు సాయంత్రం చేరి అర్ధరాత్రి లోపు వదిలేస్తాయి. బుచార్ట్ గార్డెన్స్ ఊరికి 20 కిలోమీటర్ల పైన ఉంది, ఆ కాస్త టైములో దాన్ని పెట్టుకుంటే సగం బస్సులోనే పోతుంది. అసలు మెలిక వీసా. భారత పాస్‌పోర్టు మీద వెళ్లేవాళ్లకు ఈ నాలుగు గంటల విక్టోరియా కోసమే కెనడా వీసా ఉండాలి, తిరిగి అమెరికాలో అడుగు పెట్టడానికి మల్టిపుల్ ఎంట్రీ అమెరికా వీసా ఉండాలి. గ్రీన్‌కార్డు ఉంటే కార్డూ, చెల్లుబాటులో ఉన్న పాస్‌పోర్టూ చాలు. ఇది చూసుకోకుండా డిపాజిట్ కట్టకండి, చెకిన్ దగ్గర బతిమాలినా వదలరు.

ఇక అసలు సంగతి: ఎక్స్‌కర్షన్లను, అంటే పోర్టుల్లో దిగి చేసే టూర్లను, ధరను బట్టి కాదు, మబ్బును బట్టి విడగొట్టాలి. వాన ఆపలేనివి కొన్ని: స్కాగ్‌వేలో వైట్ పాస్ రైలు, జూనో పక్కన ఆక్ బే నుంచి తిమింగలాల పడవ, కెచికాన్‌లో క్రీక్ స్ట్రీట్ నడక. పడవను గాలి ఆపుతుంది గానీ వాన ఆపదు. మబ్బు కిందికి దిగితే పోయేవి కొన్ని: గ్లేసియర్ (హిమానీనదం) మీద దిగే హెలికాప్టర్, కెచికాన్ దగ్గరి మిస్టీ ఫియోర్డ్స్ కొండలూ సముద్రపు పాయల మీదుగా తిప్పే నీటి విమానం, జూనోలో మౌంట్ రాబర్ట్స్ కొండ మీదికి తీగల మీద వెళ్లే ట్రామ్. ట్రామ్ ఆగదు, పైకి తీసుకెళ్లి తెల్లటి గోడ చూపిస్తుంది. హెలికాప్టర్లు జూనోలోనూ స్కాగ్‌వేలోనూ ఉన్నాయి. మీ షిప్పు ఏ ఊరికి ముందు వెళ్తే అక్కడ బుక్ చేసుకోండి. రద్దయితే ఆ క్షణమే రెండో ఊరికి సీటు అడగొచ్చు. రెండో ఊరికి అట్టిపెట్టుకుంటే ఇంకో అవకాశం ఉండదు. చాలా కంపెనీలు బట్టలతో సహా బరువు తూచి, 250 పౌండ్లు దాటితే అదనంగా వసూలు చేస్తాయి. బుకింగ్‌లో బరువు తగ్గించి రాస్తే అక్కడ త్రాసు దగ్గర బయటపడుతుంది.

ఫోన్‌లో వాన గుర్తు చూసి నిర్ణయాలు తీసుకోవద్దు. ఇక్కడ రోజూ అదే గుర్తు ఉంటుంది. అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ అలాస్కా అంతటా వాతావరణ కెమెరాలు పెట్టింది, దాదాపు పది నిమిషాలకోసారి కొత్త ఫొటో వస్తుంది. పక్కనే తెరిపి రోజు ఫొటో, దాని మీద కొండల దూరాలు రాసి ఉంటాయి. రెండూ పోల్చితే ఏ కొండ దాకా కనిపిస్తోందో తెలిసిపోతుంది. పైలట్లు చూసేదీ అవే. పొద్దున కిందికి దిగిన మబ్బు మధ్యాహ్నానికి లేచిన రోజులు చాలా ఉంటాయి, రెండు స్లాట్లూ దొరికితే తర్వాతిదే మేలు. స్కాగ్‌వేలో మాత్రం మధ్యాహ్నం గాలి పెరుగుతుంది, అక్కడ పొద్దున్నే నయం.

వైట్ పాస్ రైలు 1898–1900 మధ్య వేసిన మూడడుగుల నారోగేజ్ లైను. శిఖరం 873 మీటర్లు, పోను రాను మూడు గంటల లోపే. ఎక్కేటప్పుడు ఎడమ వైపు కూర్చుంటే లోయ కనిపిస్తుంది, తిరుగు ప్రయాణంలో సీట్లు తిప్పి వైపులు మార్పిస్తారు. పెట్టెల చివర బయట నిలబడే చోటు బాగుంటుంది గానీ శిఖరం దగ్గర చేతులు కొంకర్లు పోతాయి. కెనడాలో దిగే టూరైతే పాస్‌పోర్టూ వీసా కావాలి.

గ్లేసియర్ రోజు చాలా షిప్పులకు ఉంటుంది, కానీ ఏ గ్లేసియర్ అన్నది చూడాలి. గ్లేసియర్ బే నేషనల్ పార్కులోకి రోజుకు రెండు పెద్ద క్రూజ్ షిప్పులకే అనుమతి. పార్క్ రేంజర్లు ఎక్కి మైకులో వివరిస్తారు. అక్కడి మార్జరీ గ్లేసియర్ దగ్గర షిప్పు గుండ్రంగా తిరుగుతుంది కాబట్టి బాల్కనీ ఏ వైపైనా ఫరవాలేదు. 2025 ఆగస్టు 10న జూనోకి దక్షిణాన ఉన్న ట్రేసీ ఆర్మ్ అనే ఇరుకు సముద్రపు పాయలో కొండ విరిగిపడి సునామీ వచ్చింది, అప్పట్నుంచి షిప్పుల్ని పక్కనున్న ఎండికాట్ ఆర్మ్ వైపు మళ్లించడం ఎక్కువైంది. పాత ఫొటోలు చూసి బుక్ చెయ్యకుండా ఇప్పటి రూటు చదవండి. జూనోలో మెండెన్‌హాల్ గ్లేసియర్ దగ్గర కూడా 2023, 2024, 2025 ఆగస్టుల్లో వరుసగా మంచు కట్ట తెగి వరద వచ్చింది. ఆ నెలలో వెళ్తే రెండో ప్లాను ఉండాలి. నెలల్లో మే పొడి, సెప్టెంబరు తడి. మేలో కొండ దారుల మీద ఇంకా మంచు ఉంటుందన్నదొక్కటే లోటు.

బట్టల్లో డబ్బు పెట్టాల్సింది ఒక్క రెయిన్ జాకెట్ మీద. లోపల సన్నటి ఉన్ని లేదా సింథటిక్ బనియన్, దాని మీద ఫ్లీస్, పైన జాకెట్. జీన్స్ వద్దు, ఒకసారి తడిస్తే ట్రిప్పు అయ్యేదాకా ఆరదు. చవక కోటెడ్ జాకెట్లు ముందుగా పాడయ్యేది మెడ దగ్గర: చెమటా సన్‌స్క్రీన్ జిడ్డూ పట్టి లోపలి పొర పొలుసులుగా ఊడుతుంది, తర్వాత భుజాల మీద కుట్టు టేపు లేస్తుంది. తడిగా మడిచి సంచిలో పెడితే ఇది ఇంకా తొందరగా వస్తుంది. మంచి జాకెట్‌కి వేరే జబ్బు. బయటి బట్ట నీళ్లు పీల్చి బరువెక్కి చల్లబడుతుంది, లోపల చెమట నిలుస్తుంది, కారుతోందని జనం పారేస్తారు. టెక్ వాష్ (వాటర్‌ప్రూఫ్ బట్టల సబ్బు)తో ఉతికి, లేబుల్ ఒప్పుకుంటే డ్రయ్యర్‌లో తక్కువ వేడి మీద 20 నిమిషాలు తిప్పితే నీటి చుక్క మళ్లీ గుండ్రంగా జారుతుంది. మామూలు డిటర్జెంట్, ఫాబ్రిక్ సాఫ్ట్‌నర్ తగలనివ్వద్దు. కళ్లద్దాలు ఉన్నవాళ్లు హుడ్ కింద టోపీ పెట్టుకోండి. గొడుగు డెక్కు మీద గాలికి తిరగబడుతుంది.

వాటర్‌ప్రూఫ్ బూట్లలోకి పైనుంచి నీళ్లు పడితే ఆ పొరే నీళ్లను లోపల పట్టి ఉంచుతుంది. రెండో జత తప్పనిసరి. క్యాబిన్ గోడలు చాలావరకు ఉక్కువే, నాలుగు అయస్కాంతం హుక్కులు తీసుకెళ్తే తడి బట్టలన్నిటికీ చోటు దొరుకుతుంది. బాల్కనీలో ఆరేస్తే ఇంకా తడుస్తాయి. బైనాక్యులర్ 8×42 (ఎనిమిది రెట్లు పెద్దగా చూపేది) చాలు, షిప్పు అదురుకి పది రెట్లది నిలవదు.

చివరగా గడియారం. అలాస్కా టైము సియాటిల్ కన్నా గంట వెనక. ఫోను ఊరి టవరును పట్టుకుని తనంతట తాను మారుతుంది, షిప్పు టైము మారొచ్చు, మారకపోవచ్చు. చేతికి మామూలు వాచీ పెట్టుకుని షిప్పు టైముకి తిప్పండి. కదలడానికి అరగంట ముందే గేటు మూసేస్తారు. షిప్పు ద్వారా కొన్న టూరు ఆలస్యమైతే షిప్పు ఆగుతుంది, లేదా వాళ్లే తర్వాతి పోర్టుకి చేరుస్తారు. బయట చవగ్గా కొన్నదైతే ఆ భారం మీదే. అందుకని ఆక్ బేలాంటి దూరపు వాటికి షిప్పు టూరు, నడిచి వెళ్లగలిగే వాటికి బయటి టూరు తీసుకోవడం సరిపోతుంది.