ఓసీడీకి సెర్ట్రలిన్: ఆరేళ్లు వాడాక నా మాట

ఓసీడీకి, అంటే అక్కర్లేని అనుమానాలు పదేపదే వచ్చి, అవి తీరడానికి ఒకే పని మళ్లీ మళ్లీ చేయించే మానసిక జబ్బుకు, డిప్రెషన్‌కు కూడా ఇచ్చే సెర్ట్రలిన్ అనే మందు మొదలుపెట్టి ఆరేళ్లు దాటింది. 50 మిల్లీగ్రాములతో మొదలై 200 దాకా వెళ్లాను, ఎక్కువ కాలం 150 మీద ఉన్నాను, మధ్యలో ఒకసారి నా అంతట నేనే మానేసి బాగా దెబ్బతిన్నాను. మందుల చీటీ చేతిలో పట్టుకుని వేసుకోవాలా వద్దా అని రోజుల తరబడి ఆలోచించేవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేనూ అలా మూడు వారాలు కూర్చున్నాను.

నాది చేతులు కడుక్కునే రకం ఓసీడీ కాదు. బండి నడుపుతుంటే చిన్న గతుకు తగిలితే చాలు, ఎవరినో గుద్దేశానేమో అన్న అనుమానం మొదలయ్యేది. వెనక్కి తిప్పుకుని వెళ్లి చూడాలి, అక్కడ ఎవరూ లేరని చూశాక కూడా, ఈ తిరుగుదారిలో ఇంకెవరికైనా తగిలించానేమో అని మళ్లీ మొదటికి. పావుగంట దారికి గంటన్నర పట్టిన రోజులున్నాయి. ఇంటికొచ్చాక మా ఆయన్ని "ఏం కాలేదు కదా?" అని అడగడం, ఆయన "ఏం కాలేదు" అనడం, ఆ మాటతో ఓ పది నిమిషాలు ఊపిరి తీసుకోవడం, మళ్లీ అడగడం. ఇంట్లోవాళ్లు చాదస్తం అన్నారు, చాలా కాలం నేనూ అదే అనుకున్నాను. వై-బాక్స్ అని దీనికో ప్రశ్నల స్కేలు ఉంది, 0 నుంచి 40 వరకు. మొదటిసారి నాకు 28 వచ్చింది. 24 నుంచి 31 మధ్య ఉంటే తీవ్రం అంటారు.

అంతకు రెండేళ్ల ముందే ఒక డాక్టరు నాకు ఎస్సిటాలోప్రామ్ అని సెర్ట్రలిన్ రకానికే చెందిన మందు 10 మిల్లీగ్రాములు రాశారు. అయిదు వారాలు వేసుకున్నాను, ఏ తేడా కనిపించలేదు, నాకు మందులు పనిచేయవని తీర్మానించుకుని ఆపేశాను. ఆ తర్వాత సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే తెలిసిందేమిటంటే, డిప్రెషన్‌కు సరిపోయే డోసు ఓసీడీకి చాలాసార్లు సరిపోదు, ఇదే మందుల్ని ఎక్కువ డోసులో వాడాల్సి వస్తుంది. ఫలితం తేల్చడానికి కూడా 8 నుంచి 12 వారాలు పడుతుంది, అందులో కనీసం 4 నుంచి 6 వారాలు ఒంటికి పడినంత గరిష్ఠ డోసు మీద ఉండాలి. అంటే నేను మందు పనిచేయలేదనుకున్నానే గానీ, దానికి పనిచేసే వీలే ఇవ్వలేదు. ఆ రెండేళ్లు తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

సెర్ట్రలిన్ మొదటి పది రోజులు కష్టంగానే గడిచాయి. వికారం, పల్చటి విరేచనాలు, దవడ బిగుసుకుపోవడం, నిద్ర రాదు కానీ రోజంతా ఆవులింతలు. అన్నిటికన్నా ఇబ్బంది పెట్టింది టెన్షన్, తగ్గకపోగా పెరిగింది. ఇలా అవ్వచ్చని డాక్టరు ముందే చెప్పారు కాబట్టి నిలబడ్డాను, లేకపోతే నాలుగో రోజే మానేసేదాన్ని. మొదటి వారాల్లో నన్ను గమనిస్తూ ఉండమని మా ఆయనకు కూడా విడిగా చెప్పారు. ముఖ్యంగా 25 ఏళ్లలోపు వాళ్లకు మొదట్లోనూ డోసు మార్చినప్పుడూ చచ్చిపోవాలన్న ఆలోచనలు పెరిగే ప్రమాదం ఉంది, అలాంటిది ఏదైనా తోస్తే తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకూడదు, ఆ రోజే చెప్పాలి. వికారం మాత్రం, మాత్రను పొద్దున తిన్న తర్వాత వేసుకోవడం మొదలుపెట్టాక తగ్గింది.

ఇంకో విషయం ఎవరూ చెప్పలేదు. ఓసీడీ వచ్చి మాత్రనే పట్టుకుంది. వేసుకున్నానా లేదా, రెండు వేసుకున్నానా అని స్ట్రిప్పు తీసి లెక్కపెట్టడం, పెట్టెలో ఉన్న కాగితం తీసి సైడ్ ఎఫెక్ట్స్ అన్నీ చదివి ఒక్కోటీ ఒంట్లో వెతుక్కోవడం. వారం రోజుల గదులున్న మాత్రల డబ్బా కొన్నాం. గది ఖాళీగా ఉంటే వేసుకున్నట్టే, ఒక్కసారే చూడాలి. అయినా అనుమానం వస్తే ఆ పూట వేసుకోవద్దు, ఒక్క మాత్ర తప్పినా కొంప మునగదు గానీ అనుమానం తీర్చుకోవడానికి రెండోది మింగొద్దు అని డాక్టరు నాకు చెప్పారు. కాగితాన్ని మా ఆయన దాచేశారు.

తొమ్మిదో వారం, డోసు 150. ఒక సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే గుర్తొచ్చింది, దారిలో గతుకు తగిలింది, నేను వెనక్కి వెళ్లలేదు. అనుమానం రాలేదా అంటే వచ్చింది. ఎప్పుడూ వచ్చేదే, అవే మాటలతో. కానీ ఇదివరకు గొంతు మీద కూర్చునేది, ఆ రోజు మాత్రం కాసేపు పక్కన నిలబడి పోయింది. నేను గుమ్మంలోనే కూర్చుని ఏడ్చాను. మందు చేసే పని ఇంతేనని నా అనుభవం: ఆలోచన రాకుండా ఆపలేదు, దాని పట్టు సడలించింది.

నాలుగో నెలకు నా స్కోరు 28 నుంచి 19కి వచ్చింది. నిజం చెప్పాలంటే నిరాశపడ్డాను, ఎందుకంటే ఇంకా రోజుకు గంటకు పైగా దీనికే పోతోంది. స్కోరు 25 నుంచి 35 శాతం తగ్గితేనే మందు పనిచేసినట్టు లెక్క అని, మందుతోనే మొత్తం పోవడం అరుదని అప్పుడు చెప్పారు. ఈ మాట మొదటి రోజే చెబితే బాగుండేది. మిగతాది ఈఆర్‌పీతో తగ్గింది, అంటే భయపెట్టే పరిస్థితిలోకి కావాలనే వెళ్లి, ఆ తర్వాత మామూలుగా చేసే తంతు చేయకుండా ఉండటం. గతుకుల దారిలోనే వెళ్లాలి, వెనక్కి తిరగకూడదు, అద్దంలో చూడకూడదు, ఇంట్లో అడగకూడదు, నేను అడిగినా మా ఆయన జవాబు చెప్పకూడదు. మందు లేని రోజుల్లో ఇదే పద్ధతి మొదలుపెట్టి రెండో సిట్టింగ్‌కే పారిపోయాను. మందు మీద ఉన్నప్పుడు కూర్చోగలిగాను. ఏడాదికి స్కోరు 11.

డోసు 200 చేశాక చెమటలు, చేతుల వణుకు తప్ప పెద్దగా కలిసిరాలేదు, మళ్లీ 150కే వచ్చాం. తోడుగా అరిపిప్రజోల్ అనే ఇంకో మందు 2 మిల్లీగ్రాములు ఇచ్చి చూశారు, అది కొందరికి పనిచేస్తుంది. నాకు మాత్రం కాళ్లలో ఏదో తరుముతున్నట్టు ఒకచోట కూర్చోలేకపోయాను, డాక్టరుకు చెప్తే ఆపేశారు. క్లోమిప్రమిన్ మాట కూడా వచ్చింది. ఓసీడీకి పాత మందు, బలమైనదే, కానీ నోరు ఎండిపోవడం, మలబద్ధకం, మత్తు ఎక్కువ, ఈసీజీ చూసుకుంటూ వాడాలి. నాకు అంత అవసరం పడలేదు.

మూడో ఏడు బాగున్నానని నేనే ఆపేశాను, ఎవరికీ చెప్పలేదు. మూడో రోజు నుంచి తల తిప్పితే కళ్లు తిరగడం, తలలో కరెంటు షాకు కొట్టినట్టు క్షణంపాటు జిల్లుమనడం, ఊరికే కోపం. అవి రెండు వారాల్లో పోయాయి, హమ్మయ్య అనుకున్నాను. రెండు నెలలు తిరక్కముందే మళ్లీ బండి వెనక్కి తిప్పుతున్నాను. మళ్లీ మొదలుపెట్టినప్పుడు అదే వికారం, మళ్లీ వారాల ఎదురుచూపు. తగ్గాక కూడా కనీసం ఏడాది, రెండేళ్లు వాడాలని, ఆపితే నెలల మీద కొంచెం కొంచెంగా తగ్గించాలని చెప్పారు కదా అంటే, చెప్పారు, నేను వినలేదు.

ఆరేళ్లయినా పోనివి కూడా ఉన్నాయి. దాంపత్యంలో కోరిక తగ్గింది, తృప్తి దాకా చేరడం కష్టమైంది. సిగ్గుతో ఏడాదిన్నర ఈ మాట డాక్టరుకు చెప్పలేదు, చెప్పాక డోసు సర్దడం వల్ల కొంత మెరుగైంది, పూర్తిగా పోలేదు. మీకూ ఇలా ఉంటే నాలా ఆలస్యం చేయకండి, దీన్ని దాచుకుని మందు మానేసేవాళ్లే ఎక్కువేమో అనిపిస్తుంది నాకు. రాత్రిళ్లు చెమట, విపరీతమైన కలలు ఇప్పటికీ ఉన్నాయి. నొప్పి మాత్రల విషయంలో జాగ్రత్తగా ఉంటాను, ఐబుప్రొఫెన్ లాంటివి దీనితో కలిస్తే కడుపులో రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది, ట్రమడాల్‌తో ఇంకో రకం ప్రమాదం. పంటి డాక్టరైనా సరే, ఏం వాడుతున్నానో ముందే చెప్తాను.

ఇప్పుడు స్కోరు 9. ఈ నెల నుంచి డాక్టరు 150ని 125 చేశారు, మూడు నెలలు దీని మీదే ఉండి చూద్దామన్నారు. నిన్న గతుకు తగిలితే అద్దంలో ఒకసారి చూశాను. వెనక్కి తిరగలేదు, ఇంట్లో అడగలేదు. ఆ ఒక్క చూపు కూడా పుస్తకంలో రాసుకున్నాను, వచ్చే సిట్టింగ్‌లో చెప్పాలి.