ఆపరేషన్ ముందు క్లాసు: చెప్పింది బాగుంది, చెప్పిన రోజే బాలేదు

నాకు నాలుగు నెలల కిందట కాకినాడలో గుండె వాల్వ్ మార్చారు. ఆసుపత్రి పేరు రాయను, డాక్టర్ల మీద నాకేం ఫిర్యాదు లేదు. ఆపరేషన్‌కి ముందు పేషెంట్లని కూర్చోబెట్టి ఏం చేస్తారో చెప్పే క్లాసు ఒకటి పెడతారు, ఈ రివ్యూ దాని గురించే. క్లాసుకి 5కి 3. చెప్పిన సిస్టర్‌కి మాత్రం 5కి 5.

మాది అంబాజీపేట దగ్గర పల్లెటూరు, నాకు 46. ఏడాదిగా కాలవ గట్టు ఎక్కితే చాలు ఆయాసం, రాత్రి వెల్లకిలా పడుకుంటే ఊపిరాడేది కాదు, వయసు మీద పడుతోందిలే అనుకుని ఊరుకున్నాను. ఎకో (గుండెకి తీసే స్కాన్) తీస్తే మైట్రల్ వాల్వ్, అంటే గుండెలో రక్తాన్ని ఒకవైపే పోనిచ్చే తలుపుల్లో ఒకటి, బిగుసుకుపోయిందన్నారు. చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం వచ్చాక కీళ్లు వాచాయా అని అడిగారు. వాచాయి. ఆరో తరగతిలో నెల రోజులు బడి మానేశాను కూడా. అప్పటి ఆ జబ్బే ఇన్నేళ్లకి ఇలా వాల్వ్ దగ్గర తేలిందట.

క్లాసు గంటన్నర, డబ్బులేం తీసుకోరు. సిస్టర్‌ది మా వైపే, మాట వింటేనే తెలిసిపోయింది. ప్లాస్టిక్ గుండె బొమ్మ చేతిలో పట్టుకుని, "తూము తలుపు సగమే లేస్తోందనుకోండి, ఎగువ కాలవలో నీళ్లు ఎగదన్నవాండీ? మీ ఊపిరితిత్తుల్లో జరిగేది అదేనండి" అంది. ఎకో రిపోర్టు పట్టుకుని ముగ్గురు డాక్టర్ల దగ్గరికి తిరిగినా అర్థంకానిది అప్పుడు అర్థమైంది. గుండె ఆపేసి చేస్తారని విన్నాను, మళ్లీ కొట్టుకోకపోతేనో అని అడిగేశాను, సిగ్గు పడలేదు. ఆ కాసేపూ రక్తాన్ని మెషీన్ తిప్పుతుందని, 1953లో అమెరికాలో మొదటిసారి దాంతో గుండె ఆపరేషన్ చేసి గట్టెక్కారని, ఇప్పుడది రోజూ జరిగే పనేనని చెప్పింది.

అన్నిటికంటే పనికొచ్చింది ఐసీయూ గురించి చెప్పింది. మెలకువ వచ్చేసరికి నోట్లో గొట్టం ఉంటుంది, మాట రాదు, గొట్టం లాగేసుకోకుండా చేతులు మెత్తగా కట్టి ఉండొచ్చు, కంగారు పడొద్దు, నొప్పయితే ఒక వేలు, దాహమైతే రెండు వేళ్లు చూపించండి అని మాతో అక్కడే చేయించింది. నేను లేచినప్పుడు అచ్చం అలాగే ఉంది. రెండు వేళ్లు చూపించాను. ముందే తెలియకపోతే ఆ గొట్టానికే నా ప్రాణం పోయిందనుకునేదాన్ని! మూడు బంతుల బుడ్డి గొట్టంలోంచి ఊపిరి లోపలికి పీల్చి బంతులు లేపడం, దిండు ఛాతీకి అదుముకుని దగ్గడం, చేతుల మీద బరువు వేయకుండా పక్కకి తిరిగి లేవడం, ఇవన్నీ కూడా చేయించింది.

ఇక తిట్టాల్సిన సంగతి. ఈ క్లాసు పెట్టేది ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం! నోట్లో పుచ్చు పన్ను ఉంటే ఆ క్రిములు రక్తంలోకి వెళ్లి కొత్త వాల్వ్‌కి పట్టుకుంటాయి కాబట్టి ముందే పళ్లు చూపించుకోవాలని అక్కడ తెలిసింది. నాకు వెనక దవడ పన్ను ఒకటి పుచ్చి రెండేళ్లయింది. ఇంకేముంది, ఆపరేషన్ ఆపేశారు, మూటా ముల్లె సర్దుకుని ఇంటికొచ్చి, అమలాపురంలో పన్ను పీకించుకుని, మళ్లీ పన్నెండు రోజులకి వెళ్లాం. మా ఆయన అప్పటికే కొబ్బరి దింపులు వాయిదా వేసుకున్నారు, రక్తం ఇవ్వడానికి ఒప్పించుకొచ్చిన కుర్రాళ్లు వెనక్కి పోయారు. డేటు ఇచ్చిన రోజే ఒక్క ముక్క చెబితే పోయేది కదండీ.

వాల్వ్ ఎంచుకోవడమూ అంతే. మెటల్‌దయితే ఏళ్ల తరబడి మన్నుతుంది కానీ రక్తం పల్చబడే మాత్ర జన్మంతా వేసుకోవాలి. జంతువుల కణజాలంతో చేసిందయితే ఆ మాత్ర ఎక్కువమందికి కొన్నాళ్లతో సరిపోతుంది కానీ పది, పదిహేనేళ్లకి పాడై మళ్లీ కోయాల్సి రావచ్చు. తిరువనంతపురంలోని శ్రీ చిత్ర అనే వైద్య సంస్థవాళ్లు తయారుచేసిన వాల్వ్ 1990 నుంచి మనుషులకి వేస్తున్నారని కూడా అక్కడే విన్నాను. ఇంత పెద్ద సంగతి ఒక్క రాత్రిలో తేల్చుకోమంటే ఎలా? పన్ను పుణ్యమా అని నాకు పన్నెండు రోజులు దొరికాయి, మెటల్‌దే వేయించుకున్నాను. రాత్రిళ్లు టిక్ టిక్‌మని వినిపిస్తుందని మాత్రం ఎవరూ చెప్పలేదు, గడియారం అనుకుని మా ఆయన రెండుసార్లు లేచి వెతికారు.

చేతికిచ్చిన కాగితం మొత్తం ఇంగ్లీషు. అందులో రక్తం పల్చబడే మాత్ర వేసుకునేవాళ్లు తినే ఆకుకూరల గురించి ఒక్క లైను, అదీ సగం సగం. మా అత్తగారు దాన్ని ఎవరితోనో చదివించుకుని ఇంట్లో గోంగూర, తోటకూర అన్నీ బంద్ చేశారు. రక్తం ఎంత పల్చబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్షకి వెళ్తే (నాకు 2.5 నుంచి 3.5 మధ్య ఉండాలన్నారు) డాక్టరుగారు నవ్వి, మానక్కర్లేదమ్మా, ఒకరోజు కుంభం, నాలుగు రోజులు ఉపవాసం కాకుండా ఎప్పుడూ ఒకే మోతాదులో తినండి, మాత్ర దానికి తగ్గట్టు సర్దుతాం అన్నారు.

మీ వాళ్లెవరైనా వెళ్తుంటే డేటు ఇచ్చిన రోజే క్లాసు ఎప్పుడో అడిగి, ముందు వారాల్లోనే కూర్చోనిస్తారేమో చూడండి, గట్టిగా అడిగితే ఒప్పుకుంటున్నారు, మా వీధిలో ఒకాయన అలాగే కూర్చున్నారు. పేషెంటుతోపాటు ఇంట్లో వంట చేసేవాళ్లని కూడా తీసుకెళ్లండి. మా అత్తగారు ఇప్పటికీ డాక్టరుగారి మాట నమ్మడం లేదు, గోంగూర పచ్చడి జాడీ అటక మీదే ఉంది.