నయీంనగర్ కేఫ్‌లో ఎఫ్ఏ కప్ ఫైనల్
హనుమకొండలో ఫుట్‌బాల్ పెట్టమంటే క్రికెట్ ఛానల్ వదలని హోటళ్లే ఎక్కువ. నయీంనగర్‌లోని ఈ చిన్న కేఫ్ మాత్రం 2025 మే 17 రాత్రి 9 గంటలకు ఇంగ్లండ్ ఫుట్‌బాల్ క్లబ్బుల నాకౌట్ టోర్నీ ఎఫ్ఏ కప్‌లో క్రిస్టల్ ప్యాలెస్, మాంచెస్టర్ సిటీ ఆడిన ఫైనల్‌ను పెద్ద తెర మీద చివరిదాకా చూపించింది. 16వ నిమిషంలో ప్యాలెస్ ఆటగాడు ఎజె గోల్, 36వ నిమిషంలో సిటీ ఆటగాడు మర్మూష్ పెనాల్టీని ప్యాలెస్ గోల్‌కీపర్ హెండర్సన్ ఆపడం, ఆఖర్లో పది నిమిషాల ఇంజురీ టైమ్! ఆ టెన్షన్‌కు అందరం లేచి నిలబడ్డాం. మాంచెస్టర్ సిటీని 1-0తో ఓడించి క్రిస్టల్ ప్యాలెస్ తన తొలి పెద్ద ట్రోఫీ అందుకుంది. ఆ సీజన్‌లో ప్రధాన రౌండ్లలో రీప్లేలు (డ్రా అయితే మళ్లీ ఆడే మ్యాచ్‌లు) ఎత్తేయడమే నాకు నచ్చలేదు. చిన్న క్లబ్బులకు అదే కదా టికెట్ల ఆదాయం.

ఇరానీ చాయ్ చిక్కగా ఉంది, ఉస్మానియా బిస్కెట్లే మెత్తబడ్డాయి. బండి పెట్టడానికి జాగా తక్కువ. అయినా వచ్చే ఫైనల్‌కూ ఇక్కడికే వెళ్తాను.