జీడి పిక్కలు కాల్చడమా, ఆవిరి పట్టడమా: ఊపిరితిత్తులకు ఏది మేలు?

పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు మాట వస్తే గుండు (విరగని పప్పు) ఎంత దిగింది, బద్ద (విడిపోయిన పప్పు) ఎంత పోయింది, రేటెంత అనేదే లెక్క. పిక్కలు కాల్చే మనిషి ఏం పీలుస్తున్నాడో ఎవరూ అడగరు. నేను అదే అడుగుతున్నాను.

డ్రమ్ములో కాలుస్తుంటే తొక్కలోని జీడి నూనె అంటుకుంటుంది. నల్లటి ఘాటు పొగ. కళ్లు మండుతాయి, గొంతు పట్టేస్తుంది. అసలు నష్టం మాత్రం ఇంకా లోపల. ఘాటు ఆవిర్లు, నైట్రోజన్ డయాక్సైడ్, 2.5 మైక్రాన్ల కన్నా సన్నటి నుసి ఊపిరితిత్తుల్లోని గాలిగదుల దాకా పోతాయి. అక్కడి పల్చటి తేమపొరలో గ్లూటాథయోన్, విటమిన్ సి, యూరిక్ ఆమ్లం ఉంటాయి. ఇవి తామే ఆక్సీకరణకు లోనై కణాలను కాపాడతాయి. రోజూ పొగ తగిలితే ఆ నిల్వ చాలదు. అప్పుడు కణపొరల్లోని కొవ్వులు, ప్రొటీన్లు, డీఎన్‌ఏ దెబ్బతింటాయి. నుసిని తొలగించడానికి వచ్చిన తెల్లకణాలు కూడా సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వదులుతాయి. అందుకే ఇంటికెళ్లి పడుకున్నా లోపలి వాపు వెంటనే తగ్గదు.

మూతికి తువ్వాలు కట్టుకుంటే చాలదా అంటారు. చాలదు. ఎన్95 మాస్కు నుసిని ఆపుతుంది గానీ వాయువులను ఆపదు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ అయితే రక్తంలోని హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది.

ఆవిరి పద్ధతిలో నూనె మండదు, పిక్క ఉడుకుతుంది అంతే. పప్పు మాడదు కూడా. కాకపోతే తొక్కలో చర్మాన్ని కాల్చే జీడి నూనె మిగిలిపోతుంది కాబట్టి పిక్కల కటింగ్ దగ్గర కూర్చునే ఆడవాళ్ల చేతులకు బాధ ఎక్కువ. గ్లౌజులు ఇవ్వాల్సిందే. ఇంకోటి, బాయిలర్ కింద పచ్చి జీడి తొక్కే మండిస్తే ఆ పొగ ఊరి మీద పడుతుంది. నూనె తీసిన తొక్క వాడాలి, పొగగొట్టం ఎత్తుగా కట్టాలి.

ఇవన్నీ చూశాక కూడా నా ఓటు ఆవిరికే. చేతులకు తొడుగు ఉంది, ఊపిరితిత్తులకు లేదు. బాయిలర్ పెట్టే స్తోమత లేని చిన్న బట్టీవాళ్లు కనీసం డ్రమ్మును ఆరుబయట పెట్టి, పొగ మీదికి రాకుండా గాలి వచ్చే వైపు నిలబడేలా చూడాలి. ఒకే మనిషిని రోజంతా అక్కడే ఉంచకూడదు.

కాల్పు పనిచేసేవాళ్లకు దగ్గు రెండు వారాలు దాటితే ముందు టీబీ పరీక్ష చేయించండి. కాదని తేలితే అక్కడితో ఊరుకోకుండా, ఊదించి చూసే స్పైరోమెట్రీ పరీక్ష రాయమని డాక్టరు గారిని అడగండి.