రెండు సంగీత కళాశాలలు, ఒకే కప్పు: మెల్‌బోర్న్ కన్జర్వేటోరియంపై సమీక్ష

మెల్‌బోర్న్ యూనివర్సిటీలో సంగీతం చదవాలనుకునేవారికి ఇప్పుడు ఉన్న తలుపు ఒక్కటే, దాని పేరు మెల్‌బోర్న్ కన్జర్వేటోరియం ఆఫ్ మ్యూజిక్. అయితే 2009 దాకా అదే యూనివర్సిటీ గొడుగు కింద రెండు సంగీత కళాశాలలు వేటికవి విడిగా నడిచాయి. వాటికి క్యాంపస్‌లు వేరు, పద్ధతులు వేరు, అధ్యాపకులు వేరు, చివరికి విద్యార్థుల స్వభావాలు కూడా వేరు. ఆ రెంటినీ కలపడం ఆ నగరంలో పెద్ద రగడకు దారితీసింది. ఇన్నేళ్ల తరువాత, ఆ విలీనం ఒక విద్యార్థికి, ఒక శ్రోతకు నిజంగా ఏమిచ్చిందో తూచి చెప్పడానికి తగిన సమయం వచ్చిందని నా అభిప్రాయం. ఆ నగరంలో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి, పిల్లలకు వయొలినో పియానోనో నేర్పిస్తున్న తల్లిదండ్రులూ తక్కువేమీ కాదు కాబట్టి ఈ సమీక్ష మనవారికి ఉపయోగపడుతుందని ఆశిస్తున్నాను.

ముందుగా ఆ రెండు కళాశాలల సంగతి చెప్పాలి, ఎందుకంటే అది తెలియకపోతే కలిపినందువల్ల ఏం కలిసివచ్చిందో, ఏం చేజారిందో అర్థం కాదు. పాతది యూనివర్సిటీ ప్రధాన క్యాంపస్ ఉన్న పార్క్‌విల్‌లోని సంగీత విభాగం. 1891లో ఆర్మండ్ సంగీత పీఠానికి మొదటి ప్రొఫెసర్‌గా వచ్చిన మార్షల్-హాల్ 1895లో అక్కడ కన్జర్వేటోరియం ప్రారంభించారు. ఆయన రాసిన కవితల మీద మతపెద్దలు, పత్రికలు గగ్గోలు పెట్టడంతో 1900లో యూనివర్సిటీ ఆయన పదవిని పొడిగించలేదు. ఆయన ఊరుకోకుండా నగరంలోనే మరో సంగీత పాఠశాల నడిపారు, తరువాతి కాలంలో ప్రసిద్ధ ఒపేరా గాయని నెల్లీ మెల్బా అక్కడ గాత్రం నేర్పారు. 1915లో యూనివర్సిటీ ఆయనను మళ్లీ అదే పీఠానికి పిలిచింది, అదే ఏడాది ఆయన కన్నుమూశారు. మెల్‌బోర్న్‌లో సంగీత విద్య రెండు శిబిరాలుగా ఉండడం నిన్న మొన్న మొదలైనది కాదని చెప్పడానికే ఇదంతా చెబుతున్నాను.

రెండోది సౌత్‌బ్యాంక్‌లోని విక్టోరియన్ కాలేజ్ ఆఫ్ ది ఆర్ట్స్, అందరూ వీసీఏ అంటారు. 1970ల ఆరంభంలో పుట్టిన ఈ కళాశాలలో చిత్రకళ, నాటకం, నృత్యం పక్కపక్కనే ఉండేవి, సంగీత పాఠశాలకు తొలి డీన్‌గా ఆర్కెస్ట్రా నిర్దేశకుడు జాన్ హాప్కిన్స్ పనిచేశారు. అక్కడ డిగ్రీ కాగితం కన్నా సాధన ముఖ్యం. శాక్సఫోన్ విద్వాంసుడు బ్రయన్ బ్రౌన్ అక్కడ జాజ్‌కు, మనోధర్మ సంగీతానికి ఒక పూర్తి స్థాయి కోర్సు నిలబెట్టారు. పార్క్‌విల్ వైపు సంగీత చరిత్ర, శాస్త్రం, పరిశోధన, పాశ్చాత్య శాస్త్రీయ సంప్రదాయం బలంగా ఉంటే, సౌత్‌బ్యాంక్ వైపు వేదిక, బృంద వాదన, కొత్త పోకడలు బలంగా ఉండేవి. మన విజయనగరం సంగీత కళాశాలలో ఆదిభట్ల నారాయణదాసు, ద్వారం వెంకటస్వామినాయుడు వంటి ప్రదర్శకులే ప్రిన్సిపాళ్లుగా ఉండి విద్యను నడిపిన తీరు గుర్తున్నవారికి వీసీఏ ఆత్మ వెంటనే అర్థమవుతుంది.

2007లో వీసీఏ యూనివర్సిటీలో పూర్తిగా కలిసిపోయింది. 2009లో దానిని సంగీత విభాగంతో జోడించి ఒకే ఫ్యాకల్టీ, అంటే ఒకే పాలన కింది విభాగం, చేశారు. పైకి చూస్తే ఇందులో తప్పు పట్టడానికేమీ లేదు. ఒకే యూనివర్సిటీ రెండు చోట్ల విడివిడిగా క్లారినెట్ గురువులను పెట్టుకోవడం, రెండు ఆర్కెస్ట్రాలకు సరిపడా వయోలా (వయొలిన్ కన్నా కాస్త పెద్ద తీగవాద్యం) వాయిద్యకారులు లేక ఇద్దరూ ఇబ్బంది పడడం ఎవరికీ మంచిది కాదు. ఖర్చు కూడా చిన్న విషయం కాదు, ఒక గురువు ఒక విద్యార్థిని ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పే చదువుకు అయ్యే వ్యయం, రెండు వందల మందికి ఒకేసారి ఉపన్యాసం చెప్పే చదువుకు అయ్యే వ్యయంతో ఏ లెక్కలోనూ సరిపోదు. వీసీఏ వంటి కళాశాల ఒంటరిగా నిలబడలేకపోవడానికి మూలకారణం ఇదే.

చిక్కు వచ్చింది మరో చోట. 2008 నుంచి ఆ యూనివర్సిటీ మెల్‌బోర్న్ మోడల్ అనే విధానాన్ని అమలు చేసింది. అప్పుడు డిగ్రీ స్థాయిలో ఆరు విశాలమైన కోర్సులే ఉంచారు, విద్యార్థి తన చదువులో దాదాపు నాలుగో వంతు తన రంగానికి బయటి సబ్జెక్టులు తీసుకోవాలన్నారు. సైన్సు విద్యార్థికి ఇది వరమే. కానీ రోజుకు నాలుగైదు గంటలు వాద్యం చేతబట్టుకుని ఉండాల్సిన వయసులో ఉన్న పిల్లల నుంచి ఆ సమయాన్ని తీసుకుంటే ఏమవుతుందని వీసీఏ వాళ్లు భయపడ్డారు. అదే సమయంలో తోలుబొమ్మలాట కోర్సును ఆపేశారు, సంగీత నాటక కోర్సులో చేరికలు నిలిపివేశారు. విద్యార్థులు, పూర్వ విద్యార్థులు 2009లో వీధుల్లోకి వచ్చారు, నటుడు జెఫ్రీ రష్ వంటివారు బాహాటంగా వారి పక్షాన నిలబడ్డారు. చివరకు యూనివర్సిటీ వ్యాపార రంగ ప్రముఖుడు జిగ్గీ స్విట్కోవ్‌స్కీ నేతృత్వంలో సమీక్ష వేసింది. 2010లో వచ్చిన ఆ నివేదిక తరువాత వీసీఏ కళల కోర్సులను సాధన ప్రధానంగా నడపాలన్న వాదనకు గౌరవం దక్కింది.

ఆ ఆందోళనకారులను మార్పంటే గిట్టనివారిగా చిత్రించడం అప్పట్లోనూ ఉంది, ఇప్పటికీ ఉంది. నేను దానితో ఏకీభవించను. వారు అరిచి ఉండకపోతే, ఈ రోజు నేను మెచ్చుకుంటున్న కళాశాల ఈ రూపంలో ఉండేది కాదు. 2012లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ తన సంగీత పాఠశాలలో అధ్యాపకుల ఉద్యోగాలను ఒక్కసారిగా ప్రశ్నార్థకం చేసి, వ్యక్తిగత శిక్షణను కుదించే దిశగా వెళ్లి ఎంత నష్టపోయిందో చూసినవారికి మెల్‌బోర్న్‌లో తప్పిన ముప్పు ఎంతటిదో తెలుస్తుంది.

ఇక ఇప్పటి కళాశాల. నా దృష్టిలో ఈ విలీనం కాగితం మీద 2009లో జరిగినా, నిజంగా జరిగింది మాత్రం 2019లో. ఆ ఏడాది సౌత్‌బ్యాంక్‌లో స్టర్ట్ వీధిలో ఇయాన్ పాటర్ సౌత్‌బ్యాంక్ సెంటర్ అనే కొత్త భవనం ప్రారంభమైంది, పార్క్‌విల్ నుంచి సంగీత విద్యలో ప్రధాన భాగం అక్కడికి తరలింది. పది కోట్ల డాలర్లకు పైగా ఖర్చుతో, జాన్ వార్డల్ ఆర్కిటెక్ట్స్ సంస్థ రూపకల్పనలో కట్టిన ఈ భవనానికి నేను మనస్ఫూర్తిగా మంచి మార్కులు వేస్తాను. వీధిలో నడిచి వెళ్లేవారికి ఒక పెద్ద గుండ్రటి కిటికీ కనిపిస్తుంది, దాని గుండా చూస్తే లోపల విద్యార్థులు రిహార్సల్ చేస్తుంటారు. చాలా సంగీత కళాశాలలు తమ సాధనను నాలుగు గోడల మధ్య దాచుకుంటాయి, ఇక్కడ తప్పులతో సహా, ఆగి మళ్లీ మొదలుపెట్టడంతో సహా అంతా దారిన పోయేవారి కంటపడుతుంది. ఒకసారి నేను అక్కడ నిలబడి చూస్తుండగా నిర్దేశకుడు ఒకే చరణాన్ని పదేపదే వాయించమంటున్నాడు, చెల్లో వరుసలో ఒక అమ్మాయి ప్రతిసారీ కమానును కొంచెం ముందు చోట నుంచి మొదలుపెడుతూ సరైన చోటు వెతుక్కుంటోంది. శబ్దం నాకు వినపడకపోయినా ఆ వెతుకులాట మొత్తం కనిపించింది. సంగీతం ఎలా తయారవుతుందో నగరానికి చూపించడానికి ఇంతకన్నా మంచి మార్గం నాకు తెలియదు.

లోపల హాన్సన్ డయర్ హాల్ ఉంది. మెల్‌బోర్న్‌లో పుట్టి పారిస్‌లో సంగీత ప్రచురణ సంస్థ స్థాపించి, పాత కాలపు ఐరోపా సంగీతాన్ని అచ్చులోకీ రికార్డుల్లోకీ తెచ్చిన లూయీజ్ హాన్సన్ డయర్ పేరు మీద ఉన్న హాలు ఇది. నాలుగు వందల మందికి పైగా పడతారు. అంతకు మించి పెద్దది కాకపోవడమే దాని గొప్ప. విద్యార్థి కచేరీలకు వెయ్యి సీట్ల హాలు సగం ఖాళీగా కనిపించి ఆ పిల్లలను నీరుగారుస్తుంది, వంద సీట్ల గది పెద్ద బృందానికి ఊపిరాడనివ్వదు. ఇక్కడ ఒక స్ట్రింగ్ క్వార్టెట్ (నలుగురి తీగవాద్య బృందం) అతి సన్నని స్వరంలో ముగించినప్పుడు చివరి వరుసలో కూర్చున్న నాకు కమాను తీగను వదిలిన క్షణం కూడా తెలిసింది. హాలులో వెనక సీట్లు, ముందు సీట్లు అనే తేడా దాదాపు లేదు. విద్యార్థుల కచేరీల్లో చాలావాటికి టికెట్ ధర నామమాత్రం, కొన్నింటికి అసలు ఉండదు కాబట్టి పిల్లలను తీసుకెళ్లడానికి వెనకాడనక్కర్లేదు.

భవనం ఉన్న చోటు మరో ముఖ్యమైన సంగతి. కొన్ని అడుగుల దూరంలో 2009లో తెరిచిన మెల్‌బోర్న్ రిసైటల్ సెంటర్ ఉంది, అందులోని ఎలిజబెత్ మర్డాక్ హాలులో దేశవిదేశాల విద్వాంసులు వాయిస్తారు. ఇటు నడిస్తే ఆర్ట్స్ సెంటర్, దానికి చెందిన పెద్ద కచేరీ హాలు హేమర్ హాల్. వీసీఏ నాటక, నృత్య, చిత్రకళా విభాగాలు వెనకే ఉన్నాయి. పార్క్‌విల్ విద్యార్థికి ఇదివరకు ఇవన్నీ ట్రామ్ ఎక్కి వెళ్లాల్సిన చోట్లు, ఇప్పుడు మధ్యాహ్నం భోజన విరామంలో చుట్టి రాగల చోట్లు. స్వరరచన నేర్చుకునే విద్యార్థి పక్క భవనంలోని నృత్య విద్యార్థికి సంగీతం కట్టి ఇవ్వడం, సినిమా విద్యార్థి తీసిన లఘుచిత్రానికి నేపథ్య సంగీతం సమకూర్చడం ఇక్కడ అనుమతులతో జరిగే పని కాదు, పరిచయాలతో జరిగే పని. ఇంటరాక్టివ్ కంపోజిషన్ అనే పేరుతో సినిమా, ఆటలు, రంగస్థలం వంటి వాటికి సంగీతం రాయడాన్ని నేర్పే విభాగం ఇక్కడ ఉండడానికి ఈ పొరుగే కారణం. సినిమా సంగీతం వైపు మనసున్న మన పిల్లలకు నేను మొదట సూచించేది ఈ విభాగాన్నే.

జాజ్ విభాగం విషయంలో నా అభిప్రాయం కొంత మిశ్రమంగా ఉంది. బ్రయన్ బ్రౌన్ నాటి మనోధర్మ సంప్రదాయం ఇప్పుడు జాజ్ అండ్ ఇంప్రొవిజేషన్ అనే విభాగంగా కొనసాగుతోంది, అక్కడి కచేరీలు ఉత్సాహంగా ఉంటాయి. శాస్త్రీయ వయొలిన్ విద్యార్థి అదే నడవాలో శాక్సఫోన్ విద్యార్థిని రోజూ కలుస్తున్నందువల్ల ఇద్దరికీ మేలు జరుగుతోంది, ఇది పాత పద్ధతిలో సాధ్యమయ్యేది కాదు. కానీ వీసీఏ సంగీత పాఠశాలకు ఉన్న స్వతంత్రమైన మొండితనం, అంటే అక్కడ చదివినవారిని ఫలానా చోటి నుంచి వచ్చారని చూడగానే గుర్తుపట్టే గుణం, విలీనంలో పలచబడింది. రెంటినీ కలిపాక మిగిలిన పేరు కన్జర్వేటోరియం. చిన్న కళాశాల పెద్దదానిలో కలిసినప్పుడు పెద్దదాని పేరే మిగలడం సహజమని సరిపెట్టుకోవచ్చు, అయినా నాకు అది వెలితిగానే ఉంది.

మన దగ్గర సాహిత్య, సంగీత నాటక, లలిత కళా అకాడమీలను రద్దు చేసి, 1985లో ఏర్పడిన తెలుగు విశ్వవిద్యాలయంలో కలిపినప్పుడు కూడా ఇలాంటి చర్చే నడిచింది. కళాకారులను ప్రోత్సహించే పని, విద్యార్థులకు చదువు చెప్పే పని ఒకే సంస్థ చేయగలదా అన్న ప్రశ్నకు తృప్తికరమైన జవాబు ఇప్పటికీ దొరకలేదు. మెల్‌బోర్న్ అనుభవం నుంచి మనం తీసుకోదగినది ఏమిటంటే, కలిపే ఉత్తర్వు ముందు రాసి వసతి సంగతి పదేళ్ల తరువాత చూసుకోవడం కన్నా, హాలు, సాధన గదులు, గురువుల కొలువులు ముందు ఖాయం చేసి ఆ తరువాత కలపడం అందరికీ తక్కువ బాధ కలిగిస్తుంది. 2009కీ 2019కీ మధ్య అక్కడ చదివిన పిల్లలు రెండు క్యాంపస్‌ల మధ్య నలిగిన కాలానికి ఎవరూ పరిహారం చెల్లించలేరు.

పార్క్‌విల్ పాత భవనం పట్ల కూడా నాకు కొంత బెంగ ఉంది. 1913 నాటి మెల్బా హాల్, ఆ పక్కనే స్వరకర్త పెర్సీ గ్రేంజర్ కట్టించిన మ్యూజియం ఇప్పటికీ ఉన్నాయి. కానీ సంగీతం ప్రధాన క్యాంపస్ నుంచి జరిగిపోయినకొద్దీ, వైద్యమో గణితమో చదువుతూ సాయంత్రం బృందగానంలో పాడే విద్యార్థికి దారి దూరమవుతుంది. ఒకటో నంబరు ట్రామ్ యూనివర్సిటీ నుంచి నేరుగా స్టర్ట్ వీధికి తీసుకొస్తుంది నిజమే, అయినా తరగతికీ తరగతికీ మధ్య ఖాళీ గంటలో వచ్చి వెళ్లడం సులువు కాదు.

ఇతర కోర్సుల విద్యార్థులకు ఉన్న మంచి సౌకర్యం, డిగ్రీతో పాటే సమాంతరంగా చేయగలిగే డిప్లొమా ఇన్ మ్యూజిక్. ఇంజనీరింగ్ దారిలో వెళుతున్న పిల్లలు సంగీతాన్ని పదో తరగతి దగ్గరే వదిలేయడం మన ఇళ్లలో మామూలైపోయింది. ఈ డిప్లొమా ఆ వదిలివేతను ఆపగలదు. దీనికీ ఆడిషన్ ఉంటుంది, కనుక పన్నెండో తరగతి ఏడాది సాధన మానేసి తరువాత చూద్దామనుకుంటే కుదరదు. మన కర్ణాటక సంగీతం నేర్చుకున్న పిల్లలు మాత్రం ఒక విషయం గమనించాలి. ఇక్కడి ఆడిషన్, పాఠ్యక్రమం ప్రధానంగా పాశ్చాత్య పద్ధతిలో ఉంటాయి, పాశ్చాత్య స్వరలిపి (స్టాఫ్ నొటేషన్) చదవడం రాని విద్యార్థి, రాగాలాపన ఎంత చక్కగా చేసినా, మొదటి ఏడాది కష్టపడాల్సివస్తుంది. ఇతర దేశాల సంగీతాలను అధ్యయనం చేసే ఎత్నోమ్యూజికాలజీ ఇక్కడ ఉంది, మన సంగీతం మీద పరిశోధన చేయదలచినవారికి అదే సరైన చోటు.

మొత్తం మీద ఐదుకు నాలుగు ఇస్తాను. వేదిక మీద జీవితం గడపాలనుకునేవారికి, సినిమా సంగీతం వైపు వెళ్లాలనుకునేవారికి ఆస్ట్రేలియాలో ఇది ముందు వరుసలోని ఎంపిక. చేరేముందు ఓపెన్ డే నాడు, అంటే కళాశాలను చూడడానికి అందరినీ ఆహ్వానించే రోజున, వెళ్లి మూడు సంగతులు అడగండి: సెమిస్టర్‌కు వ్యక్తిగత పాఠాలు ఎన్ని గంటలు, ఆ పాఠాలు చెప్పే గురువు ఎవరు, మీ వాద్యానికి బృందంలో చోటు ఎంతమందికి ఉంటుంది. విదేశీ విద్యార్థులైతే, ఫీజు స్థానికుల కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాబట్టి, ఆ మూడు జవాబులూ చేతిలో పడ్డాకే దరఖాస్తు నింపండి.