ఏపీఐ ఆగిపోతే: స్టేటస్ పేజీ మేలా, సొంత మానిటరింగ్ మేలా?

వేరేవాళ్ల ఏపీఐ (ఒక యాప్ ఇంకో కంపెనీ సర్వీసును వాడుకునే దారి) మీద యాప్ నడిపే డెవలపర్లు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది: ఆ ఏపీఐ ఇచ్చే ప్లాట్‌ఫామ్, తన సర్వీసు నడుస్తోందో లేదో చెప్పే స్టేటస్ పేజీకి సబ్‌స్క్రైబ్ అయితే సరిపోదా?

నా దృష్టిలో దీన్ని తేల్చేది ఒక్క విషయమే. కబురు చెప్పే సిస్టమ్, పడిపోయిన సిస్టమ్ మీద ఆధారపడిందా లేదా? 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ క్లౌడ్‌లో ఫైళ్లు దాచే సర్వీసు ఎస్3, ఉత్తర వర్జీనియాలో ఆగిపోయింది. బిల్లింగ్ సమస్య వెతుకుతూ కొట్టిన కమాండ్‌లో ఒక ఇన్‌పుట్ తప్పు పడి, అనుకున్నదానికన్నా ఎక్కువ సర్వర్లు తొలగిపోయాయి. స్టేటస్ డాష్‌బోర్డును మార్చే కన్సోల్ కూడా ఎస్3 మీదే నడిచేది. దాంతో దాదాపు రెండు గంటలు సర్వీసుల స్థితిని అందులో మార్చలేకపోయారు, ట్విటర్‌లో చెప్పాల్సి వచ్చింది. ఆ రెండు గంటలూ డాష్‌బోర్డును నమ్ముకున్న డెవలపర్, తప్పు తన కోడ్‌లోనే ఉందనుకుని నిన్న విడుదల చేసిన మార్పులను వెనక్కి తీసుకుంటూ కూర్చుంటాడు.

అందుకే నా మొగ్గు సొంత మానిటరింగ్ వైపు, అంటే ఏపీఐ పనిచేస్తోందో లేదో మన ప్రోగ్రామే చూసి చెప్పడం. అయితే హెల్త్ ఎండ్‌పాయింట్‌ను ("బాగున్నాను" అని మాత్రమే జవాబిచ్చే అడ్రస్) పింగ్ చేసి ఊరుకుంటే లాభం లేదు. లాగిన్, టెస్ట్ ఆర్డర్ లాంటి అసలు పనినే నిమిషానికోసారి చేయించి చూడాలి, అదీ ఆ ప్లాట్‌ఫామ్‌తో సంబంధం లేని వేరే క్లౌడ్ ప్రొవైడర్ దగ్గర నుంచి. కొందరు కస్టమర్లకే ఏపీఐ ఆగినప్పుడు స్టేటస్ పేజీ పచ్చగానే, అంటే అంతా బాగున్నట్టే ఉండొచ్చు. మన టెస్ట్ మాత్రం మన అకౌంట్ సంగతి చెబుతుంది.

కానీ జవాబు రాక టైమ్‌అవుట్ అయిన రిక్వెస్ట్ అవతల నమోదైందా? ఆగిన వెబ్‌హుక్‌లు (ప్లాట్‌ఫామ్ తనంతట తానే మన యాప్‌కు పంపే కబుర్లు) మళ్లీ వస్తాయా? ఇవి మన మానిటర్‌కు తెలియవు, ప్లాట్‌ఫామే నోరు విప్పాలి. 2017 జనవరి 31న, డెవలపర్లు కోడ్ దాచుకునే సైట్ గిట్‌ల్యాబ్‌లో ప్రొడక్షన్ డేటాబేస్ (యూజర్లు వాడే అసలు డేటా) పొరపాటున చెరిగిపోయింది. వాళ్లు రికవరీ నోట్స్‌ను అందరికీ తెరిచి, యూట్యూబ్‌లో లైవ్ కూడా పెట్టారు. సుమారు ఆరు గంటల ఇష్యూలు, కామెంట్లు పోయాయనీ, గిట్ రిపాజిటరీలు, అంటే కోడ్ భద్రమనీ చెప్పారు. ఏం పోయింది, ఏం మిగిలింది అన్న ఆ ఒక్క మాట ఉంటే ఏది మళ్లీ చేయాలో మనం నిర్ణయించుకోగలం. ప్రతి ప్లాట్‌ఫామూ డెవలపర్లకు కనీసం అంత చెప్పి తీరాలి.

సోషల్ మీడియా అందరికన్నా ముందు అరుస్తుంది, వివరం ఉండదు. ఈమెయిల్ సాధారణంగా ఆలస్యం. రెండింటి మీదా ఆధారపడొద్దు.

ఒక్కదానికే సమయం ఉంటే ముందు మానిటర్ రాసుకోండి. అది మోగగానే మన యూజర్లకు చూపాల్సిన నోటీసును కూడా, ఆ ప్లాట్‌ఫామ్ లేకపోయినా తెరుచుకునే చోట సిద్ధంగా పెట్టుకోండి.