స్కాట్లాండ్‌కు ఏది మేలు: బ్రిటన్ నుంచి విడిపోవడమా, కలిసి ఉండడమా?

ఈ వాదన మొదలైతే చాలు, ఎవరో ఒకరు స్కాట్‌లు ఇంగ్లండ్‌ను ఓడించిన 1314 నాటి బానక్‌బర్న్ యుద్ధాన్ని తవ్వి తీస్తారు. స్కాట్లాండ్ ఒక జాతా కాదా అన్నదాంట్లో పేచీయే లేదు, 1707లో ఇంగ్లండ్‌తో కలిసినప్పుడు కూడా చట్టం, చర్చి, చదువులు వాళ్లవి వాళ్లే ఉంచుకున్నారు. పనామాలో డేరియన్ వలస పెట్టబోయి డబ్బు తగలేసుకున్నారు కాబట్టి గతిలేక కలిశారని కొందరు, లండన్ ఇచ్చిన 3,98,085 పౌండ్లకు పెద్దలు అమ్ముడుపోయారని కొందరు. రెండింట్లోనూ కొంత నిజం ఉంది, కానీ దానితో రేపటి లెక్క తేలదు.

నా దృష్టిలో అసలు చిక్కు కరెన్సీ. స్కాట్లాండ్‌లో మూడు బ్యాంకులు సొంత నోట్లు అచ్చేస్తాయి. లండన్‌లో ఇస్తే కొందరు షాపువాళ్లు అటూ ఇటూ తిప్పి చూస్తారు. ఆ నోట్లకు పూచీగా బ్రిటన్ కేంద్ర బ్యాంకైన బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్‌లో ఉండేవాటిలో 'టైటాన్' నోట్లు కూడా ఉన్నాయి, ఒక్కోటి 10 కోట్ల పౌండ్లు! బొమ్మ స్కాట్లాండ్‌ది, పూచీ లండన్‌ది అన్నమాట. విడిపోవాలా వద్దా అని 2014లో పెట్టిన రెఫరెండం ముందు అప్పటి స్కాట్లాండ్ ప్రభుత్వాధినేత అలెక్స్ సాల్మండ్ పౌండునే పంచుకుంటామన్నారు, బ్రిటన్ ఆర్థికమంత్రి జార్జ్ ఆస్‌బోర్న్ కుదరదు పొమ్మన్నారు, చివరికి 55 శాతం మంది విడిపోవద్దన్నారు.

తర్వాత బ్రెగ్జిట్, అంటే యూరోపియన్ యూనియన్ (ఈయూ) నుంచి బ్రిటన్ బయటికి రావడం, వచ్చింది. స్కాట్లాండ్‌లో 62 శాతం మంది ఈయూలోనే ఉందామన్నా బయటికి రావాల్సి వచ్చింది, కాబట్టి విడిపోదామనేవాళ్ల కోపంలో న్యాయం ఉంది. అయితే వాళ్ల సరుకులు, సేవల్లో దాదాపు 60 శాతం కొనేది మిగతా బ్రిటనే. విడిపోయి ఈయూలో చేరితే ఇంగ్లండ్ సరిహద్దులోనే కస్టమ్స్ తనిఖీలు వస్తాయి.

కలిసి ఉంటే? 1999 నుంచి సొంత పార్లమెంటు ఉంది, వైద్యం, చదువు, ఆదాయపు పన్ను రేట్లు చాలావరకు వాళ్ల చేతిలోనే ఉన్నాయి, వలస విధానం మాత్రం లండన్‌దే.

నన్నడిగితే, విడిపోవాలంటే సొంత కరెన్సీకి సిద్ధపడే విడిపోవాలి. పౌండు వాడుకుంటూ స్వతంత్రం అనడం అన్నిటికన్నా అధ్వాన్నం, ఎందుకంటే వడ్డీ రేటు లండన్‌లోనే తేలుతుంది, నిలదీయడానికి అక్కడ మీ ఎంపీ కూడా ఉండడు. అంత ధైర్యం లేకపోతే వలస విధానంలో వాటా అడిగి కలిసి ఉండడమే నయం. కానీ లండన్ ఒప్పుకోకుండా రెఫరెండం పెట్టకూడదని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది, మరి ఎప్పుడు ఒప్పుకుంటారో లండన్ చెప్పదు. ఉత్తర ఐర్లాండ్‌కైతే బ్రిటన్ నుంచి విడిపోవడంపై ఏ పరిస్థితిలో ఓటు పెట్టాలో 1998 చట్టంలోనే రాసి ఉంది, స్కాట్లాండ్‌కు అలాంటిది ఒక్క వాక్యం కూడా లేదు.